దక్షిణపు గాలి చట్టం

ద్రాక్ష తొక్కే నెల, బహుళ చవితి

వీధికి ఇంకా కాలిన వాసన పోలేదు. అమ్మ పొద్దున ఉతికిన బట్టలు ఆరేసి, సాయంత్రం తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ ఉతికింది.

ఎదురింటి నికాసో అక్క గడపలోనే కూర్చుని ఉంది. ఇల్లు లేదు, గడప ఉంది. అమ్మ బార్లీ గంజి ఇస్తే తాగింది. గిన్నె కడిగి మరీ తిరిగి ఇచ్చింది. పాప గురించి ఒక్క మాట అనలేదు. పాప పేరు మిర్రో. ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నడిచేది.

ఇల్లు కాలిన సాయంత్రం మా కుమ్మరివాడలో కుండలు కాల్చే ఆవాలు నాలుగు మండుతున్నాయి. దక్షిణపు గాలి లేచింది. ఏ ఆవంలో నిప్పురవ్వ ఎగిరి నికాసో అక్క రెల్లు కప్పు మీద పడిందో ఎవరికీ తెలియదు. నాలుగింటిలో మాదీ ఒకటి.

ఎవరికీ తెలియదు.

బహుళ సప్తమి

ఎకెలాస్ గురువుగారు ఈ రోజు చట్టం అంటే ఏమిటని అడిగారు. ఓడల యజమాని కొడుకు, "బలమున్నవాడికి నచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు, వాడిది బలమున్న ఇల్లే కాబట్టి. ఇంకొకడు, "నలుగురూ కూర్చుని ఒప్పుకున్నది. ఇక్కడ తప్పయింది పక్క రేవులో తప్పు కాదు" అన్నాడు.

గురువుగారు నా వైపు తిరిగారు. బడిలో ఉన్న ముగ్గురు ఆడపిల్లల్లో నేనే చివరి వరుస.

"మిక్కా, మీ నాన్న దేవత పలకలు ఎలా చేస్తాడమ్మా?"

"అచ్చులో మట్టి నొక్కి, గురువుగారూ."

"పెద్దింటి వాళ్ళు మొక్కుకుంటే ఒక అచ్చు, పేదవాళ్ళు మొక్కుకుంటే ఇంకో అచ్చు ఉంటుందా?"

"ఒకటే ఉంటుంది."

"అది ఎవరి ముఖమూ చూడదు. చట్టమూ అలాగే ఉండాలి" అన్నారు.

రోజూ బడికి వెళ్ళే ముందు గోళ్ళలో మట్టి పుల్లతో తీసుకుంటాను. ఈ రోజు తిరిగి వచ్చేటప్పుడు చేతులు దాచుకోలేదు.

విత్తనాల నెల, శుక్ల తదియ

భోజనాల దగ్గర అనేశాను.

"దక్షిణపు గాలి వీస్తున్నప్పుడు ఆవాలు మండకూడదని చట్టం ఉండి ఉంటే మిర్రో బతికేది."

నాన్న రొట్టె ముక్క నూనెలో ముంచి అలాగే పట్టుకున్నాడు. నూనె కారుతోంది.

"చట్టాలు పెట్టినవాళ్ళు పోయి చాలా కాలమైంది. తిను" అంది అమ్మ.

"సభలో ఎవరైనా కొత్త చట్టం అడగొచ్చమ్మా."

"అడగొచ్చు. మెడకు ఉరితాడు తగిలించుకుని అడగాలి. ఊరు ఒప్పుకుంటే విప్పుతారు, ఒప్పుకోకపోతే అక్కడే బిగిస్తారు. ఆ ముక్క మీ గురువుగారు చెప్పలేదా?"

"అందుకే మన చట్టాలు గట్టివి. పిచ్చి పిచ్చి కోరికలతో ఎవరూ సభకు రారు" అన్నాను.

"ఎవరూ రారు. అంతవరకు నిజమే" అంది అమ్మ.

అన్నయ్య లూకొన్ మూతి తుడుచుకున్నాడు. "నేను అడుగుతాను. ఏమని అడగాలో నువ్వు చెప్పవే, పండితురాలా. నాకు చదువు లేదు గానీ మెడ ఉంది."

నేను నవ్వాను, అమ్మ కూడా నవ్వింది. నాన్న నవ్వలేదు. లూకొన్ వేళాకోళంగా అన్నాడనే అనుకున్నాను.

శుక్ల పంచమి

వేళాకోళం కాదు. పొద్దునే వెళ్ళి పెద్దల దగ్గర పేరు ఇచ్చి వచ్చాడు. పేరు ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

"ఆ రోజు ఆవానికి కట్టెలు వేసింది నేనే" అన్నాడు.

శుక్ల దశమి

మైనం పూసిన పలక మీద రాస్తున్నాను, చెరిపేస్తున్నాను, మళ్ళీ రాస్తున్నాను. మొదట రాసింది పలక నిండా ఉంది. గురువుగారు ఓపికగా చదివారు.

"ఇన్ని మినహాయింపులు ఎందుకమ్మా? ఒక్కో మినహాయింపు ఒక్కో దొంగదారి. అవి తీసేసి చూడు, ఏం మిగులుతుందో."

తీసేశాను. మిగిలింది ఇది:

*దక్షిణపు గాలి వీచే వేళ ఊరి గోడ లోపల ఏ ఆవమూ మండరాదు. మండితే ఆ ఇంటి పొయ్యి ఆర్పి, ఇంటివారిని పొలిమేర దాటించాలి.*

ఎంత శుభ్రంగా ఉందో. గురువుగారు రెండుసార్లు పైకి చదివారు. "ఇది కుమ్మరివాడ అమ్మాయి రాసిందంటే ఎవరూ నమ్మరు" అన్నారు. ఆ మాటకు సంతోషించాను. ఇంటికి వచ్చే దారంతా సంతోషించాను.

శుక్ల ద్వాదశి

లూకొన్ సారె తిప్పుతూ వల్లెవేస్తున్నాడు. నేను పక్కన కూర్చుని తప్పులు దిద్దుతున్నాను. చట్టం తరువాత చెప్పాల్సిన కారణాలు కూడా నేర్పాను. ఎందుకో చెప్పకుండా ఆజ్ఞాపించేది చట్టం కాదు, బెదిరింపు అని గురువుగారు అంటారు.

"వెలిగించాక గాలి తిరిగితే?" అన్నాడు మధ్యలో.

"ముందే ఆకాశం చూసుకోవాలి."

"ఆకాశం నీకు చెప్పి తిరుగుతుందేమిటే?"

"అన్నయ్యా, ఆ ఒక్క మాట కలిపితే ప్రతివాడూ 'నేను వెలిగించినప్పుడు గాలి లేదు' అంటాడు. చట్టం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"నువ్వే చెప్పు మరి. నాకెందుకు" అని మళ్ళీ మొదలుపెట్టాడు. దక్షిణపు గాలి వీచే వేళ. దక్షిణపు గాలి వీచే వేళ.

నాన్న మూల నిలబడి మట్టి తొక్కుతున్నాడు. వింటున్నాడు. నాన్న ఒక్క మాట అనివుంటే బాగుండేది. కాదు, అనకపోవడమే మంచిదైంది.

పౌర్ణమి ముందు రోజు

తాడు ఊరే ఇస్తుందనుకున్నాను. కాదట. ఎవరి తాడు వాళ్ళే తెచ్చుకోవాలట. నాన్న మట్టి బస్తాలు లాగే తాళ్ళన్నీ బయట పరిచి ఒక్కొక్కటీ చూశాడు. బాగా పాతబడి నార లేచినది ఏరి ఇచ్చాడు.

లూకొన్ దాన్ని మెడలో వేసుకుని, "బాగుందా, పెళ్ళికొడుకులా ఉన్నానా?" అని అమ్మను అడిగాడు. అమ్మ చేతిలో ఉన్న జల్లెడతో వాణ్ణి కొట్టింది. తరువాత లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నా మాటలు బాగున్నాయి. కారణాలు బాగున్నాయి. బాగున్నదాన్ని కాదనరు.

కాదనరు.

పౌర్ణమి

నెగ్గింది.

బహుళ పాడ్యమి

నిన్న ఒక్క మాటే రాశాను.

ఆడవాళ్ళం పక్కింటి సీమోస్ బాబాయ్ వాళ్ళ మిద్దె ఎక్కాం. అక్కడి నుంచి సభ కనిపిస్తుంది, మాటలు వినిపించవు. లూకొన్ నిలబడ్డాడు. తాడు కొస పట్టుకుని ఇద్దరు వెనక నిలబడ్డారు. వాడి నోరు కదులుతుంటే ఏ మాట దగ్గర ఉన్నాడో నేను పెదవులతో లెక్కపెడుతున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. మొదట చెయ్యెత్తింది సీమోస్ బాబాయే. ఆయనకూ ఆవం ఉంది. తరువాత చేతులు లేస్తూ పోయాయి. ముసలివాళ్ళ వరుసలో చాలామంది ఎత్తలేదు, అయినా సరిపోయాయి.

ఇంటికి వచ్చాక చూస్తే వాడి మెడ చుట్టూ ఎర్రగా కమిలి ఉంది. ఎవరూ లాగలేదు. మాట్లాడినంతసేపూ తానే దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడట.

"నీ మాటలు బాగానే ఉన్నాయి. కానీ వాళ్ళు విన్నది నికాసో పాప పేరు. అది నువ్వు రాయలేదు, నేనే కలిపాను" అన్నాడు.

అమ్మ ఆ తాడు పెరట్లో రెండు గుంజలకు కట్టి బట్టలు ఆరేసింది. "పనికొచ్చే చోట ఉండనీ" అంది.

చలి నెల, శుక్ల అష్టమి

రాతి మీద చెక్కి సంత ముంగిట నిలబెట్టారు. మా తాత ముత్తాతల నాటి చట్టాల పక్కన. అమ్మను, నికాసో అక్కను తీసుకెళ్ళి చదివి వినిపించాను. దారిలో పోయేవాళ్ళు కూడా ఆగి విన్నారు. నేను రాశానని వాళ్ళెవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నా గొంతు మాత్రం ఎందుకో పెద్దగా వచ్చింది.

నికాసో అక్క వేలితో అక్షరాలు తడిమింది.

"ఇందులో నా బిడ్డ పేరు ఎక్కడుందే?"

"చట్టంలో పేర్లుండవు అక్కా."

"లూకొన్ సభలో చెప్పాడన్నారు."

"చెప్పాడు. చెక్కేటప్పుడు ఉండదు."

"ఓహో" అంది. ఇంకాసేపు తడిమి చెయ్యి తీసేసింది.

పూల నెల, శుక్ల విదియ

రాసుకునే ఈ కాగితపు చుట్ట విప్పి చాలా రోజులైంది. బడి, పని. అమ్మవారి పెళ్ళి పండుగ దగ్గర పడింది. ఊళ్ళో పెళ్ళి కావాల్సిన ప్రతి పిల్లా గుళ్ళో ఒక మొక్కు పలక వేలాడదీస్తుంది కదా. కుమ్మరివాడంతా మట్టే. నాన్న వేళ్ళు చూడాలి. అచ్చులోంచి తీసిన ప్రతి పలకనూ బొటనవేలితో సవరిస్తాడు. ఇక్కడ ముక్కు, అక్కడ చీర కుచ్చు. అచ్చు ఎంత మంచిదైనా మట్టి ఏ రోజు మట్టి ఆ రోజుదే అంటాడు.

రేపు ఆవం పెడతారు. ఆకాశం తేటగా ఉంది. ఉత్తరపు గాలి.

శుక్ల షష్ఠి

రాయలేను.

శుక్ల నవమి

రాయాలి.

ఆవం పెట్టిన రెండో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. ఉత్తరం పోయి కాసేపు ఏమీ లేదు. తరువాత దక్షిణం. పొగ ఒక్కసారిగా నికాసో అక్క కొత్త కప్పు మీదకు వంగింది. మళ్ళీ రెల్లే వేసుకుంది.

లోపల పలకలు ఎర్రబడి ఉన్నాయి. అప్పుడు మంట తీస్తే అన్నీ పగులుతాయి. అది మా వాడలో పాకే పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు.

మిగతా మూడు ఆవాలూ మండుతూనే ఉన్నాయి. సీమోస్ బాబాయ్ గోడ మీదుగా తొంగిచూశాడు. "కంగారు పడకు అన్నా, ఇది పడమటి గాలి" అన్నాడు నాన్నతో.

"దక్షిణం" అన్నాడు నాన్న.

"పడమర అంటున్నాగా. నేను పడమర అంటే నువ్వూ పడమర అను. అంతే."

ఊరి కాపలా మనిషి అటుగా వచ్చాడు. వేలు నాకి గాలిలో పెట్టాడు. బాబాయ్ మొహం చూశాడు, నాన్న మొహం చూశాడు. "పడమరే లాగుంది" అని వెళ్ళిపోయాడు.

నాన్న ఇనుప కొక్కెం తీసుకుని పొయ్యి నోట్లోంచి మండే దుంగలు లాగడం మొదలుపెట్టాడు.

"నాన్నా, ఎందుకు, అతను పోయాడుగా" అన్నాడు లూకొన్.

"నువ్వు మెడలో తాడు వేసుకుని అడిగావు. నీ చెల్లెలు రాసింది" అన్నాడు. చెయ్యెత్తి నన్ను చూపించలేదు. చూపు కూడా తిప్పలేదు.

కొక్కెం పిడి కాలి విరిగింది. లూకొన్ నీళ్ళకు పరిగెత్తాడు. ఆలోపే నాన్న తడి గుడ్డలు చుట్టుకుని చేతులతోనే లాగాడు. నేను అక్కడే ఉన్నాను. నాన్నను పట్టుకుని ఆపొచ్చు. పట్టుకోలేదు. నా చట్టాన్ని మా నాన్న పాటిస్తున్నాడు అన్న మాట బుర్రలో ఎక్కడో ఉంది, ఆ క్షణంలో కూడా ఉంది. అది ఇక్కడ తప్ప ఎక్కడా రాయను.

ఆవంలో పలకలు పగులుతున్న చప్పుడు లోపల ఎవరో నడుస్తున్నట్టు వినిపించింది.

శుక్ల ఏకాదశి

వైద్యుడు కుడిచేతి వేళ్ళు విడదీసి కట్టాడు. ఎడమ చెయ్యి వంగుతుందేమో చూడాలన్నాడు. బొటనవేళ్ళ గురించి అడిగితే మాట మార్చాడు.

ఆ రోజు మిగతా మూడు ఆవాలూ చక్కగా కాలాయి. రవ్వ ఒక్కటి కూడా ఎగరలేదు.

పౌర్ణమి

లూకొన్ పెరట్లో బట్టలు తీసి అమ్మ మంచం మీద పడేసి, తాడు విప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"మళ్ళీ వెళ్తాను. 'వెలిగించాక గాలి తిరిగితే తప్పు లేదు, నీళ్ళు పెట్టుకుని కాపలా కాయాలి' అని ఒక్క మాట కలపమంటాను. నువ్వు బాగా కూర్చి ఇవ్వు."

ఆ మాట నేను మొదట రాసినదాంట్లో ఉండేది. దాదాపు అవే మాటలు. నీళ్ళు పెట్టుకోవడం కూడా ఉండేది. మొదటిది చెరపకముందు వాడికి చదివి వినిపించలేదు. గురువుగారికి మాత్రమే చూపించాను.

"ఆలోచించి చెప్తాను" అన్నాను.

బహుళ విదియ

గురువుగారి దగ్గరకు వెళ్ళాను. నాన్న చేతుల సంగతి ఆయనకు ముందే తెలిసింది, కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన ఈ ఊరివాడు కాదు, సభలో ఆయనకు నోరు లేదు. అందుకని ఆయన్ను సభలో మాట్లాడమనడానికి కాదు వెళ్ళింది. నెగ్గుతుందా అని అడిగాను.

"ఈ ఏడాది ఇప్పటికే ఒక తాడు విప్పారమ్మా. ముసలివాళ్ళకు అదే ఎక్కువ. చట్టాన్ని మందు మార్చినట్టు మార్చలేం. మందు ఒంటి మీద పనిచేస్తుంది, చట్టం అలవాటు మీద పనిచేస్తుంది. వారం వారం మారేదానికి ఎవరు అలవాటు పడతారు?"

"తప్పని తెలిసినా?"

"చిన్న తప్పయితే భరించడమే మంచిదని నేనే ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను" అన్నారు. "ఇది చిన్నదో పెద్దదో మాత్రం నేను చెప్పలేను, మిక్కా."

మినహాయింపు తీసేయమన్నది మీరే అనబోయాను. ఆయనకు అచ్చు తెలుసు, ఆవం తెలియదు. ఆవం తెలిసినదాన్ని నేను. అచ్చు మాట వచ్చిన రోజే లేచి, దాని తరువాత బొటనవేలు ఉంటుంది గురువుగారూ అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. పెద్ద చదువుల మధ్య మట్టి వేలు ఎందుకని ఊరుకున్నాను.

బహుళ చవితి

సీమోస్ బాబాయ్ వచ్చాడు. నాన్నకు తేనె తెచ్చాడు.

"మా ఆవాలు నడుస్తున్నాయిగా లూకొన్. ఎవడైనా ఏమన్నాడా? ఉన్నదాన్ని ఉండనీరా. గాలికి పేరు పెట్టుకునేది మనమే."

"మరి మీరు చెయ్యెందుకెత్తారు బాబాయ్?" అన్నాను.

"నీ అన్న మెడలో తాడు చూసి ఎత్తానమ్మాయీ. చట్టం చూసి కాదు."

"ఈసారి ఎత్తుతారా?" అన్నాడు లూకొన్.

బాబాయ్ తేనె గిన్నె మూత సర్దాడు.

బహుళ సప్తమి

"మాటలు కూర్చావా?" అంటాడు లూకొన్ పొద్దున. "ఇంకా లేదు" అంటాను.

బహుళ అష్టమి

"కూర్చావా?"

"లేదు."

బహుళ దశమి

ఈ రోజు సూటిగా అడిగాడు.

"నువ్వు ఇవ్వవు కదా?"

"ఇవ్వను."

"ఎందుకు? అది తప్పని నీకు తెలుసు."

"తెలుసు."

"నాన్న చేతులు చూస్తున్నావు రోజూ."

"చూస్తున్నాను."

"మరి?"

"నాకు చేతులు పోయిన నాన్న ఉన్నాడు. మెడ పోయిన అన్న వద్దు."

కోపంగా చూశాడు. సొంతంగా చెప్పుకుంటానన్నాడు. సారె దగ్గర కూర్చుని మొదలుపెట్టాడు. దక్షిణపు గాలి వీచే వేళ. అక్కడికి వచ్చి ఆగిపోయాడు, నేను నేర్పినవే వస్తున్నాయి. నేను దిద్దలేదు. సాయపడలేదు. చెవులు మూసుకుని మట్టి జల్లించాను. చివరికి లేచి, తాడు తీసుకెళ్ళి గుంజలకు కట్టి వచ్చాడు. అమ్మ ఏమీ అడగకుండా దాని మీద దుప్పటి ఆరేసింది.

మూడు తరాలుగా మా చట్టాల్లో ఒక్క అక్షరం మారలేదని ఈ ఊరు పరదేశీయుల దగ్గర గొప్ప చెప్పుకుంటుంది. అంత మంచివని నేనూ అనుకునేదాన్ని. సంత ముంగిట ఆ పాత రాళ్ళ ముందు నుంచి ఈ రోజు నడిచి వచ్చాను. ఒక్కో రాయి వెనక ఒక్కో ఇంట్లో ఎవరో ఒక చెల్లెలు, ఎవరో ఒక తల్లి, తప్పని తెలిసి నోరు మూసుకుని కూర్చుని ఉంటుంది.

కోతల నెల, శుక్ల పంచమి

నాన్న ఎడమ చెయ్యి కొంచెం వంగుతోంది. కుడిది వంగదు. పలకలు ఇప్పుడు లూకొన్ చేస్తున్నాడు. సవరించడం నాకు నేర్పుతానన్నాడు నాన్న. బడి మానేశానని గురువుగారికి కబురు చేశాను. రమ్మని ఆయన రెండుసార్లు మనిషిని పంపారు.

శుక్ల త్రయోదశి

నిన్న ఆవం పెట్టాం. లూకొన్ కట్టెలు, నేను నీళ్ళు. నాన్న అరుగు మీద, కట్టు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని.

ఈ రోజు మధ్యాహ్నం పలకలు ఎర్రబడ్డ వేళకు గాలి ఆగింది. తరువాత లేచింది. పొగ వీధి దాటి ఎదురింటి కప్పు వైపు వంగింది.

లూకొన్ చేతిలో దుంగ ఉంది. వెయ్యకుండా నిలబడ్డాడు.

"మిక్కా, ఏ గాలి?" అన్నాడు నాన్న.

వేళ్ళతో గాలి చూడలేక అడిగాడని అనుకోవచ్చు. కానీ నేను పుట్టకముందు నుంచి ఆ బుగ్గలకు అన్ని గాలులూ తెలుసు. రాసింది నేను కాబట్టి నన్ను అడిగాడు.

"పడమర, నాన్నా" అన్నాను.

లూకొన్ నా వైపు ఒకసారి చూసి దుంగ లోపలికి తోశాడు. నాన్న "సరే" అన్నాడు.

ఎదురింటి గడపలో నికాసో అక్క నీళ్ళ కుండ పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. మా పొగ ఎటు వంగుతోందో చూస్తోంది. నేను పడమర అనడం ఆమెకు వినిపించే ఉంటుంది, వీధి అంత వెడల్పేమీ కాదు. పొగ మీద నుంచి చూపు తిప్పి నన్ను చూసింది.

లోపలికి వచ్చేశాను.